మధ్యాహ్నమ్మ నడుము

ఎక్స్‌రే అక్క వచ్చేసరికి ఆసుపత్రి లాండ్రీలో యంత్రాలు ఆగి ఉన్నాయి. పొద్దున ఏడున్నరకి ఆ నేలమాళిగలో యంత్రాలు ఆగాయంటే ఏదో జరిగినట్టే. స్కానింగ్ గదికి రావలసిన గౌన్లు రాలేదని అడగడానికి దిగివచ్చిన ఆమె గుమ్మంలోనే నిలబడిపోయింది.

మడతబల్ల దగ్గర పదిమందీ వరసగా నిలబడి ఉన్నారు. సూపర్‌వైజరు కళ్లజోడు ముక్కు మీదికి జార్చుకుని చేతిలో కాగితం చదువుతున్నాడు.

“‘తుంటి ఎముకలు, కీళ్లు సవ్యంగా ఉన్నాయి. నొప్పికి కారణమయ్యే జబ్బు ఏదీ లేదు.’ ఇది నేనన్న మాట కాదు. పైన డాక్టరు గారు సంతకం పెట్టిన మాట. మనిషి అబద్ధం ఆడొచ్చు, బొమ్మ ఆడదు కదా.”

ఎవరి గురించి ఆ చదువంతా సాగుతోందో ఆ మనిషి ఒక చెయ్యి ట్రాలీ పిడి మీద, ఇంకో చెయ్యి నడుము వెనక పెట్టుకుని నేల చూస్తోంది. ముప్పై దాటి ఒకటో రెండో ఏళ్లు ఉంటాయి. అందరూ ఆమెను మధ్యాహ్నమ్మ అంటారు. పొద్దున పూట కింద పడ్డ తువ్వాలు తీయడానికి గోడ పట్టుకుని అరనిమిషం తంటాలు పడే మనిషి, పన్నెండు దాటేసరికి ఆరిన దుప్పట్ల ట్రాలీని గిరగిరా తిప్పి తోసుకుపోతుంది. వార్డుల నుంచి మూటలు దిగేది పొద్దున, మడతల పని ఉండేది మధ్యాహ్నం. బరువున్నప్పుడు మూలిగి బరువు లేనప్పుడు పరుగెత్తే ఒంటిని ఎవరు నమ్ముతారు? ఆ పేరు ఎవరు పెట్టారోగాని బంకలా అతుక్కుపోయింది.

“శుక్రవారం ఆఫీసులో విచారణ,” అన్నాడు సూపర్‌వైజరు కాగితం మడుస్తూ. “ఇదే వాళ్ల ముందు పెడతాను. నాకు నీమీద కక్షేం లేదు. నీ వంతు బరువు మిగతా తొమ్మిదిమంది నడుముల మీద పడుతోంది. వాళ్లవీ నడుములే కదా.”

మధ్యాహ్నమ్మ తల ఎత్తలేదు. ఎవరో మీట నొక్కారు. యంత్రాలు మళ్లీ తిరగడం మొదలుపెట్టాయి.

గౌన్ల మూట చంకన పెట్టుకుని పైకి వచ్చిన అక్క, క్యూలో ఉన్న మొదటి ఇద్దరికీ ఛాతీ ఎక్స్‌రేలు తీసి పంపి, తలుపు దగ్గరికి వేసి పాత ఫిల్ములు వెతికింది. దొరికింది. రెండు నెలల కిందటిది. తీసింది తనే. ఇప్పుడు గుర్తొచ్చింది: బల్ల మీద పడుకోమంటే ఆ మనిషి పక్కకి ఒరిగి, మోచేతి మీద కాసేపు ఆగి, ఒక్కొక్క కాలూ పైకి లాక్కున్న తీరు. అప్పుడు వెనక ఇంకా పదకొండుమంది ఉన్నారు. ఆ తీరు గురించి ఆలోచించే తీరిక ఎక్కడుంది?

ఫిల్ము చక్కగా వచ్చింది. వెన్నెముక చివర త్రికోణంగా ఉండే ఎముక, దానికి రెండు పక్కలా తుంటి ఎముకలు, వాటి మధ్య కీళ్లు. అంచులు పెన్సిలుతో గీసినట్టున్నాయి. అరుగుదల లేదు, అతుకుడు లేదు. ఇరవై రెండేళ్ల అలవాటున్న ఆమె కంటికి కూడా వేలు పెట్టి చూపించే లోపం ఏదీ దొరకలేదు.

దొరకనందుకు ఎప్పుడూ సంతోషించేది. ఈసారి ఫిల్ముని మళ్లీ వెలుగుకి పెట్టి చూసింది.

భోజనాల వేళ ఆమె మళ్లీ కిందికి దిగింది. లాండ్రీ వెనక వాకిట్లో గట్టు మీద అందరూ వరసగా కూర్చుని తింటున్నారు. మధ్యాహ్నమ్మ ఒక్కతే నిలబడి, డబ్బా కిటికీ చట్రం మీద పెట్టుకుని తింటోంది.

“కూర్చోవా?” అంది అక్క.

“కూర్చుంటే మళ్లీ లేవడం ఇంకో ఉద్యోగం అక్కా. నిలబడే కానిచ్చేస్తాను.”

“పొద్దున నేను గుమ్మంలోనే ఉన్నాను. ఆ ఎక్స్‌రే తీసింది నేనే.”

“తెలుసు. మీరేం చేస్తారు, ఉన్నదే కదా వస్తుంది.” ఆ మాటలో నిష్ఠూరం లేదు. అందుకే అక్కకి మరింత గుచ్చుకుంది.

“నొప్పి ఎక్కడ మొదలైంది?”

మధ్యాహ్నమ్మ చుట్టూ చూసి గొంతు తగ్గించింది. “నాలుగేళ్లయింది. మొదట ఎడమ పిర్రలో. కొన్నాళ్లకి అది పోయి కుడివైపు. అటూ ఇటూ కాపురం మార్చేది. తర్వాత నడుమంతా.”

“పడుకుంటే తగ్గుతుందా?”

ఆమె నవ్వేసింది. “అదే నలుగురిలో చెప్పుకోలేనిది. లోకంలో అందరికీ పడుకుంటే తగ్గుతుంది, నాకు పెరుగుతుంది. తెల్లవారకముందే నొప్పే లేపేస్తుంది. లేచి వంటింట్లో అటూ ఇటూ తిరిగితే కాస్త దారికొస్తుంది. పొద్దున గంటా గంటన్నర కర్రలా ఉంటాను. మేజోళ్లు మా ఆయనే తొడుగుతాడు. పని చేసేకొద్దీ వదులవుతుంది. నడుంనొప్పి ఉన్నవాళ్లకి పనిచేస్తే ఎక్కువవ్వాలి కదక్కా. ఒక్కోరోజు నాకే అనుమానం వస్తుంది, వాళ్లన్నట్టు నేను వేషాలు వేస్తున్నానేమోనని.”

కిందటేడు కీళ్ల డాక్టరమ్మ టెక్నీషియన్లందరినీ కూర్చోబెట్టి గంటసేపు మాట్లాడింది. అందులో సగం ఎవరికీ గుర్తులేదు. ఒక్క ముక్క మాత్రం అక్కకి గుర్తుండిపోయింది: పడుకుంటే పెరిగి, తిరిగితే తగ్గే నడుంనొప్పి ఎవరైనా చెబితే నా దగ్గరికి పంపండి, ఎక్స్‌రే బాగుందని ఇంటికి పంపకండి.

“ఇదంతా డాక్టరుకి చెప్పావా?”

“ఎక్కడ నొప్పి అన్నారు, నడుము అన్నాను. అంతవరకే అడిగారు.” ఆమె జేబులోంచి నలిగిన చీటీ తీసింది. “మాత్రలకి తగ్గలేదంటే ఇది రాశారు. గురువారం నాడు ఎమ్మారై. ఇదీ బాగుందని వచ్చిందంటే ఇక నా పని అయిపోయినట్టే.”

చీటీలో ‘నడుము వెన్నుపూసలు’ అని ఉంది. అక్క రెండుసార్లు చదివింది. నడుము పూసల మీదికి గురిపెట్టి తీస్తే, కింద తుంటి దగ్గరి కీళ్లు సరిగ్గా పడనే పడవు. ఇదీ బాగుందనే వస్తుంది. శుక్రవారం సూపర్‌వైజరు చేతిలో ఒకటి బదులు రెండు కాగితాలు ఉంటాయి.

“నీ జబ్బేమిటో చెప్పే అధికారం నాకు లేదు,” అంది అక్క. “చదువూ లేదు. కానీ రేపు మంగళవారం. కీళ్ల డాక్టరమ్మ వచ్చే రోజు. ఇప్పుడు నాతో అన్నవన్నీ ఒక్కటి వదలకుండా ఆవిడతో చెప్పు. ఈ చీటీ కూడా చూపించు.”

“ఆవిడా వేషమంటే?”

“అనదు,” అంది అక్క. అంత ధైర్యంగా ఎలా అనేసిందో ఆమెకే తెలియలేదు.

చెప్పడం ఒక ఎత్తు, బొమ్మల డాక్టరు ముందు నిలబడటం ఇంకో ఎత్తు. ఫిల్ములు చదివే డాక్టరుకి ఆసుపత్రిలో ఆ పేరు పడి చాలాకాలమైంది. ఆయనకీ తెలుసు, తెలియనట్టు ఉంటాడు. దీపాలు తగ్గించిన గదిలో రెండు పెద్ద తెరల ముందు కూర్చుని, పిప్పరమెంటు బిళ్ల బుగ్గన పెట్టుకుని, పొద్దున్నుంచి సాయంత్రం దాకా మనుషుల లోపలి సంగతులు చదువుతాడు. ఆ మనుషులు ఎలా ఉంటారో ఎప్పుడోగాని చూడడు. చదవడంలో తప్పు పట్టారంటే మాత్రం చెవులు ఎర్రబడతాయి.

సోమవారం సాయంత్రం ఆయన కోటు తొడుక్కుంటుండగా అక్క తలుపు తట్టింది. ఫిల్ము నంబరు చెప్పింది. ఆయన నిలబడే తెరిచి చూశాడు.

“బాగానే ఉందిగా. నేను రాసింది తప్పా?”

“తప్పు కాదు సార్. ఫిల్ములో ఏమీ లేదు, లేదనే రాశారు. ఆ తర్వాతి వాక్యం...”

“ఏ వాక్యం?”

“‘నొప్పికి కారణమయ్యే జబ్బు ఏదీ లేదు.’ దాన్ని కింద లాండ్రీలో అందరి ముందూ చదివి వినిపిస్తున్నారు సార్. శుక్రవారం ఆమెని పనిలోంచి తీసేయడానికి అదే సాక్ష్యం.”

ఆయన చెవులు ఎర్రబడ్డాయి. అక్క చేతులు కట్టుకుని నిలబడింది. ఇంత దూరం వచ్చాక వెనక్కి తగ్గడం కుదరదు. మధ్యాహ్నమ్మ నొప్పి ఎలా వస్తుందో, ఎలా పోతుందో, ఎన్నాళ్లుగానో విన్నది విన్నట్టు చెప్పింది. చీటీలో ఏం రాసి ఉందో కూడా చెప్పింది.

ఆయన కుర్చీ లాక్కుని కూర్చున్నాడు. చాలాసేపు ఆ బొమ్మనే చూశాడు.

“ఇలాంటి నొప్పి తెచ్చే జబ్బు ఎముక మీద గుర్తు పెట్టడానికి ఏళ్లు పడుతుంది,” అన్నాడు చివరికి, ఆమెతోనో తెరతోనో. “అప్పటిదాకా ఎక్స్‌రేకి అంతా బాగున్నట్టే. నాకు పంపిన కాగితంలో ‘నడుంనొప్పి’ అని ఒక్క ముక్క రాశారు. పొద్దున బిగుసుకుపోతుందని ఎవరూ రాయలేదు.” కోటు విప్పి కుర్చీకి తగిలించాడు. “నేనూ ఫోన్ చేసి అడగలేదనుకో.”

“డాక్టరమ్మ రేపు చూస్తారు సార్.”

“చీటీ మార్చి రాయమను. తుంటి కీళ్లకి. పూసలకి కాదు. గురువారం ఆ బొమ్మలు నేనే చూస్తాను.”

మంగళవారం డాక్టరమ్మ ఆమెని అరగంటసేపు అడిగిందట, వంచి చూసిందట, గోడకి మడమలు ఆనించి నిలబెట్టి తల వెనక ఖాళీ కొలిచిందట. రక్తం తీయించింది. చీటీ మార్చి రాసింది. ఇదంతా మధ్యాహ్నమ్మ గురువారం పొద్దున స్కానింగ్ గది బయట గాజులు తీసి భర్త చేతిలో పెడుతూ చెప్పింది. బస్సుల మరమ్మతు షెడ్డులో పనిచేసే మనిషి అతను. గాజుల్ని గుప్పెట్లో పెట్టుకుని ఎక్కడ కూర్చోవాలో తెలియక నిలబడ్డాడు.

“ఒంట్లో ఇనుము ఏమైనా ఉందా, పిన్నులు, కమ్మీలు?” అని అక్క అలవాటుగా అడిగింది.

“పొద్దున పూట నడుమే ఇనుము,” అంది మధ్యాహ్నమ్మ.

బల్ల మీద ఆమెని పడుకోబెట్టి, మోకాళ్ల కింద దిండు పెట్టి, చెవుల్లో దూది బిళ్లలు పెట్టి, చేతికి రబ్బరు బుడ్డి ఇచ్చి అక్క చెప్పింది: “అరగంట కదలకూడదు. చాలా చప్పుడు వస్తుంది. భరించలేకపోతే ఇది నొక్కు, ఆపేస్తాను.”

కదలకుండా పడుకోవడమే ఆ మనిషికి పెద్ద శిక్ష అని అక్కకి తెలుసు. అద్దం ఇవతల కూర్చుని, ఒక కన్ను తెర మీద, ఒక కన్ను ఆ రబ్బరు బుడ్డి పట్టుకున్న పిడికిలి మీద పెట్టింది. త్రికోణపు ఎముక వాలుకి తగ్గట్టు బొమ్మ ఎక్కడ తీయాలో చూపే గీతని తెర మీద వంచి, రెండు కీళ్లూ చట్రంలో పడేలా సర్దింది. ఒకసారి సరిపోలేదనిపించి చెరిపి మళ్లీ గీసింది.

మొదటి వరస బొమ్మలు వచ్చాయి. ఎముకల ఆకారం చూపించేవి. అందులో పెద్ద విశేషం కనిపించలేదు. రెండో వరస మొదలుపెట్టింది. కొవ్వు మెరుపును అణిచేసి, నీరు చేరిన చోటుని మాత్రమే తెల్లగా చూపించేది అది. ఎముకలో వాపు ఉంటే అక్కడ తెలియాలి. యంత్రం దబదబా మోగుతోంది. బుడ్డి చుట్టూ వేళ్లు కదిలాయి గాని నొక్కలేదు.

ఎముకని పొరలుగా కోసినట్టు తెర మీద ఒక్కొక్క ముక్కా తేలింది. నల్లని ఎముక. నల్లని ఎముక. నాలుగోదానిలో కీలుకి ఎడమ పక్కన పాలు ఒలికినట్టు తెలుపు. ఐదోదానిలో అది ఇంకా పరుచుకుంది. ఆరోదానిలో కుడి పక్కన కూడా.

అక్క కుర్చీలో వెనక్కి వాలి నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది. ఒకరి ఒంట్లో జబ్బు కనిపిస్తే తన గుండె తేలికపడటం ఏమిటని ఒకవైపు సిగ్గుపడుతూనే ఉంది. తేలికపడిన మాట మాత్రం నిజం.

అయిపోయాక మధ్యాహ్నమ్మ లేవడానికి మూడు నిమిషాలు పట్టింది. పక్కకి దొర్లి, అక్క భుజం ఆసరా చేసుకుని, కాళ్లు కిందికి దించి కూర్చుంది. కళ్ల పక్క నుంచి నీళ్లు చెవుల్లోకి కారిన చారలు ఉన్నాయి.

“ఏమైనా ఉందా అక్కా?”

“డాక్టరు చూసి చెబుతారు.”

“లేదనే మాటైతే ఇప్పుడే చెప్పెయ్యండి. రేపు అందరిలో వినడం కన్నా మీ దగ్గర వింటే నయం.”

చెప్పకూడదు. బొమ్మ తీసేవాళ్లు బొమ్మని చదవకూడదు. అక్క ఆమెకి చెప్పులు అందించి, “నీళ్లు తాగి, వరండాలో నాలుగడుగులు వెయ్యి. ఇంటికి మాత్రం వెళ్లకు,” అంది. అని, తలుపు వేసి, బొమ్మల డాక్టరు గదికి దాదాపు పరుగెత్తింది.

ఆయన ముందే తెరిచి చూస్తున్నాడు. బుగ్గన పిప్పరమెంటు కదలడం లేదు.

“బరువులెత్తే మనిషి,” అన్నాడు. “అలాంటివాళ్లకీ కీళ్ల దగ్గర కాస్త నీరు చేరుతుంది. కాన్పైన వాళ్లకీ కనిపిస్తుంది. తెల్లగా ఉందని తొందరపడి జబ్బు పేరు పెట్టేస్తే అదింకో అన్యాయం.”

ఆయన ముక్కల్ని ముందుకీ వెనక్కీ తిప్పాడు. వేలితో లెక్కపెట్టాడు.

“వరసగా ఆరు ముక్కల్లో ఉంది. రెండు వైపులా. ఎముక లోతుకి దిగింది. ఇదిగో, ఇక్కడ అంచు చూడు, ఎలక కొరికినట్టు లేదూ. ఇది మూటలు మోస్తే వచ్చేది కాదు.” ఫోను అందుకున్నాడు. డాక్టరమ్మతో ఐదు నిమిషాలు మాట్లాడాడు. రక్త పరీక్ష కూడా దీనికే కలిసి వచ్చినట్టుంది, తల ఊపుతూనే ఉన్నాడు. ఫోను పెట్టాక రెండు నెలల కిందటి రిపోర్టు తెరిచాడు. పాతది చెరపడానికి వీల్లేదు. దాని కింద కొత్తగా టైపు చేశాడు. పైకి చదువుతూ చేశాడు, అక్క వినాలని కాబోలు.

“‘ఎక్స్‌రే సవ్యంగా ఉన్నంత మాత్రాన జబ్బు లేదని అర్థం కాదు. పై వాక్యం అలా రాసి ఉండకూడదు. ఎమ్మారైలో కీళ్ల వాపు స్పష్టంగా ఉంది.’ చాలా?”

“చాలు సార్,” అంది అక్క.

మధ్యాహ్నమ్మకి ఆ సంగతి డాక్టరమ్మ చెప్పింది. అక్కని కూడా లోపలికి పిలిచారు, బొమ్మలు తెర మీద పెట్టడానికి. వెన్నెముక కీళ్లలో వాపు పుట్టించే జబ్బనీ, పూర్తిగా పోయేది కాదుగాని కీళ్లు అతుక్కోకముందే పట్టుకున్నాం కాబట్టి అదుపులో ఉంటుందనీ, ముందు మాత్రలు, చాలకపోతే ఇంజెక్షన్లు, అన్నిటికన్నా ముఖ్యం రోజూ వ్యాయామమనీ ఆవిడ నెమ్మదిగా చెప్పుకొచ్చింది.

మధ్యాహ్నమ్మ అంతా విని, “అయితే ఉందా?” అంది.

“ఏది?”

“జబ్బు. నిజంగానే ఉందా?”

“ఉందమ్మా. ఇదిగో,” అని డాక్టరమ్మ తెర మీద ఆ తెల్లని మరక చుట్టూ వేలితో సున్నా చుట్టింది.

మధ్యాహ్నమ్మ తెర దగ్గరికి వచ్చింది. తన ఎముకల్ని తను మొదటిసారి చూసుకుంటోంది. చూస్తూ చూస్తూ భుజాలు కదిలిపోయేలా ఏడ్చింది. మధ్యలో నవ్వింది. పూర్తిగా పోని జబ్బుందని చెబితే ఇలా నవ్వే మనిషిని డాక్టరమ్మ అంతకుముందు చూసిందో లేదో గాని, ఏమీ అనకుండా కాగితపు రుమాళ్ల డబ్బా ముందుకి జరిపింది.

గుప్పెట్లో గాజులతో భర్త వెనకే నిలబడ్డాడు. “నేనెప్పుడూ నమ్మలేదని అనలేదు కదే,” అన్నాడు మెల్లిగా.

“నమ్మానని కూడా ఎప్పుడూ అనలేదు.”

అతను ఆమె చెయ్యి తీసుకుని గాజులు ఒక్కొక్కటే తొడిగాడు.

“పని చేస్తే తగ్గుతోందని అంటుంటే వేషమన్నారు మేడమ్,” అంది ఆమె, కళ్లు తుడుచుకుని.

“నువ్వు ఆ మాట అన్నావు కాబట్టే నాకు అనుమానం వచ్చింది,” అంది డాక్టరమ్మ. “నీ జబ్బు గుర్తే అది.”

శుక్రవారం విచారణ పావుగంటలో ముగిసింది. అక్క లోపలికి వెళ్లలేదు, వెళ్లే పనీ లేదు. తర్వాత మధ్యాహ్నమ్మే వచ్చి చెప్పింది. సూపర్‌వైజరు తన కాగితం పైకి తీయబోతుంటే ఆఫీసరు కొత్త కాగితం అతని ముందుకు తోశాడట. అతను దాన్ని పైకి చదవలేదు. లోలోపలే చదువుకుని, కళ్లజోడు తీసి తుడుచుకుని, మళ్లీ మొదటి నుంచీ చదివాడట. ఇకమీద ఆమె ఏడింటికి కాదు, తొమ్మిదింటికి వస్తుంది. పొద్దున మూటలు దించడం బదులు సాయంత్రం ట్రాలీలన్నీ ఆమెవే. సాయంత్రం బరువు ఎవరికీ ఇష్టం లేదు కాబట్టి మిగతావాళ్లు కూడా సంతోషంగా ఒప్పుకున్నారట.

“ఇంకా మధ్యాహ్నమ్మ అనే పిలుస్తున్నారా?” అని అడిగింది అక్క.

“పిలుస్తున్నారు. ఇప్పుడు నేనూ పలుకుతున్నాను.”

రెండో వారం మాత్రలకి ఆమె నడక మారింది. మేజోళ్లు తనే తొడుక్కున్న రోజున ఆ మాట చెప్పడానికే మూడంతస్తులు మెట్లెక్కి వచ్చి, అక్క క్యూలో ఉన్నవాళ్లందరి ముందూ చెప్పి వెళ్లింది.

ఆ వారంలోనే ఒక సాయంత్రం, క్యూ ఖాళీ అయ్యాక, ఎక్స్‌రే గది కిటికీ దగ్గర సూపర్‌వైజరు నిలబడ్డాడు.

“గౌన్లు పంపించాను. అందాయామ్మా?”

“అందాయండీ.”

అతను వెళ్లలేదు. కిటికీ చెక్క మీద లేని దుమ్ము వేలితో తుడిచాడు. అక్క రిజిస్టరు మూసి అతని వంక చూసింది.

“మా అమ్మాయి ఉంది,” అన్నాడు. “ఇరవై మూడు నిండాయి. చదువయ్యాక ఇంట్లోనే ఉంటోంది. పొద్దున తొమ్మిదైనా మంచం దిగదు. రెండేళ్లుగా ఇదే వరస. బద్ధకమనుకుని రోజూ దుప్పటి లాగేస్తుంటాను. ఒకరోజు చెయ్యి పట్టుకుని లేపబోతే ఏడ్చింది. నాటకాలన్నాను.”

అతను చెప్పడం పూర్తికాలేదని ముఖం చూస్తేనే తెలుస్తోంది.

“ఆఫీసులో ఆ కాగితం చదివినప్పటి నుంచీ మనసులో మనసు లేదు. నిన్న సాయంత్రం దగ్గర కూర్చోబెట్టుకుని అడిగాను. పడుకుంటే ఎక్కువవుతుందా, నాలుగడుగులు వేస్తే తగ్గుతుందా అని.” అతను కళ్లజోడు తీసి జేబులో పెట్టుకున్నాడు. “నన్ను అలా చూస్తూ ఉండిపోయింది. ‘నాన్నా, నీకెలా తెలుసు?’ అంది.”

వరండాలో ఎవరో చక్రాల కుర్చీ తోసుకుపోయారు.

“దానికీ ఆ బొమ్మ తీస్తారా?” అన్నాడు.

“బొమ్మ తర్వాత సంగతి,” అంది అక్క. “ఇది అదే కావచ్చు, ఇంకేదైనా కావచ్చు. ముందు డాక్టరమ్మ దగ్గరికి తీసుకురండి. అక్కడ మీరు మాట్లాడకండి, ఆ అమ్మాయినే చెప్పనివ్వండి.” చిన్న కాగితం మీద డాక్టరమ్మ గది నంబరు రాసి అందించింది.

అతను దాన్ని రెండు చేతులతో తీసుకుని, చొక్కా జేబులో కళ్లజోడు పక్కన పెట్టుకున్నాడు.

“మంగళవారం ఎన్నింటికి రమ్మంటారు? ఏడింటికల్లా తెచ్చేయమంటారా?”

“పదకొండింటికి తీసుకురండి,” అంది అక్క. “పొద్దున్నే లేపకండి.”